గేజ్ కంటే ముందు అరచెయ్యి

మే నెలలో బెజవాడలో ఏసీ చల్లగా రావడం లేదని ఫోన్ చేస్తే, వచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అనే మాట ఒకటుంది: "గ్యాస్ అయిపోయుంటదండీ." మనమూ తలూపుతాం. వంటింట్లో సిలిండర్ అయిపోతుంది కదా, ఇదీ అంతేననుకుంటాం. నిజానికి అది అయిపోయే సరుకు కాదు. రాగి గొట్టాల్లో బంధించిన ఆ వాయువు గదిలోని కాయిల్‌లో ఆవిరై వేడిని పీల్చుకుంటుంది, బయటి కాయిల్‌లో మళ్ళీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది. పదేళ్ళు తిరిగినా అందులో గ్రాము ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు వెతక్కుండా పైన నింపిపోతే వచ్చే వేసవికి మళ్ళీ అదే ఫోను, మళ్ళీ అదే బిల్లు.

ఆ మాట అనని మెకానిక్ ఒకాయన వన్‌టౌన్‌లో ఉన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని "భాయ్" అంటారు, నేనూ అదే అంటాను. ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ ట్రేడు రెండేళ్ళు చదివి, ఆ తర్వాత పాతికేళ్ళ పైచిలుకు ఈ సందుల్లోనే సంచీ మోసుకు తిరుగుతున్నవాడు. యంత్రం ఎందుకు మొరాయించిందో కనిపెట్టే తీరులో కూడా చూడదగ్గ పనితనం ఉంటుందని నాకు ఆయన పక్కన కూర్చున్నాకే తెలిసింది.

వన్‌టౌన్‌కు ఒక పక్క కృష్ణ, ఒక పక్క ఇంద్రకీలాద్రి. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి శివాలయం వీధి, బ్రాహ్మణ వీధి దాకా గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళే. కింద కొట్టు, పైన కాపురం. కొండరాయి పగలంతా కాగి, ఆ వేడిని రాత్రంతా తీరిగ్గా వదులుతుంది. బెజవాడను బ్లేజ్‌వాడ అనే ఎగతాళి ఊరికే పుట్టలేదు. 2015 మే నెలాఖరులో కొట్టిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఇక్కడ ఏసీని సుఖం కింద లెక్కగట్టేవాళ్ళు రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం రేకుల కప్పు కింద కూర్చుని మాట్లాడాలి.

ఇంకో సంగతి. ఏసీ ఎంత చల్లబరుస్తుందో ఫ్యాక్టరీవాళ్ళు తేల్చేది బయట 35 డిగ్రీలు, గదిలో 27 డిగ్రీలు ఉన్నప్పుడు. ఒక టన్ను ఏసీ అంటే రోజంతా నడిస్తే సుమారు 907 కిలోల మంచుగడ్డను కరిగించేంత వేడిని గదిలోంచి తోడెయ్యగలదని లెక్క. ఆ లెక్క 35 డిగ్రీల దగ్గరిది. మనకు మేలో 43, 44 దాకా పోయే రోజులుంటాయి. పైగా వెలుతురు కోసం వదిలిన ఇరుకు సందులో నాలుగిళ్ళ అవుట్‌డోర్ యూనిట్లు ఒకదాని మొహాన ఒకటి వేడి ఊదుతూ ఉంటాయి. అక్కడి గాలి 50 డిగ్రీల దాకా కాగిపోతుంది. యంత్రం బాగానే ఉండి, దాన్ని పెట్టిన చోటే బాగాలేని ఇళ్ళు వన్‌టౌన్‌లో కొల్లలు. ఇది తెలియని మెకానిక్ ఎంత చదివినా ఇక్కడ తప్పు మందే వేస్తాడు.

భాయ్ పని చేతిలో పనిముట్టు లేకుండా మొదలవుతుంది. బ్రాహ్మణ వీధిలో ఒక మిద్దింట్లో ఒకటిన్నర టన్నుల పాత స్ప్లిట్ ఏసీ. ఇన్వర్టర్ రకం కాదు. తిరిగితే పూర్తి వేగంతో తిరిగి, చాలనుకున్నప్పుడు ఆగిపోయేది. గాలి బాగానే వస్తోంది, చల్లదనం లేదు. ఇంటి పెద్దావిడ విసనకర్ర ఊపుకుంటూ, "గ్యాస్ పట్టించాలంటగా అబ్బాయ్, పక్కింటివాళ్ళు చెప్పారు" అంది. ఆయన దానికి జవాబివ్వలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "అసలు చల్లదనమే రావట్లేదా అమ్మా? వేసిన అరగంట వచ్చి పోతోందా? లేకపోతే రాత్రి బాగుండి మధ్యాహ్నమే ఇలా చేస్తోందా?" అని అడిగాడు.

ఈ మూడు ప్రశ్నలూ మూడు దారులు. చల్లదనం అసలు రాకపోతే బయట కంప్రెసర్ తిరగడమే లేదేమో చూడాలి. అరగంట వచ్చి ఆగితే లోపలి కాయిల్ మీద మంచు పేరుకుని గాలికి దారి మూసేస్తోందేమో. రాత్రి బాగుండి ఎండవేళ చతికిలబడుతుంటే కంప్రెసర్ మీద మొయ్యలేని బరువు పడుతోందన్నమాట. బయట వేడి పెరిగేకొద్దీ లోపలి గ్యాస్‌ను నొక్కడానికి అది ఎక్కువ బలం పెట్టాలి. ఆ వేళకే ఊళ్ళో అందరి ఏసీలూ ఆన్ అయి వోల్టేజీ పడిపోతుంది. పెద్దావిడ చెప్పింది మూడోది. అయినా ఆయన అక్కడే తీర్పు చెప్పలేదు.

తర్వాత రిమోట్ అడిగి తీసుకున్నాడు. మంచుపువ్వు బొమ్మ ఉందా, ఫ్యాన్ బొమ్మ ఉందా? పిల్లలు నొక్కేసి ఫ్యాన్ మీద పెడితే గాలి తప్ప ఇంకేమీ రాదు. ఇంత చిన్న విషయాన్ని ముందు చూడటం నామోషీ అనుకునే మెకానిక్‌లున్నారు. ఆయన అలా అనుకోడు. ఇక్కడే తేలిపోయి మంచినీళ్ళు తాగి లేచొచ్చేసిన ఇళ్ళున్నాయట.

ఆ తర్వాతి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. "బకెట్ ఎంతసేపటికి నిండుతోందమ్మా?"

ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టడం మన ఇళ్ళల్లో అలవాటే. ఆ నీళ్ళు మొక్కలకో, గచ్చు కడగడానికో పోస్తారు. (ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేవాళ్ళూ ఉన్నారు. దుమ్ము కడిగిన నీళ్ళు అవి, పొయ్యకండి.) డెల్టా గాలిలో కాలవల చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. ఏసీ శక్తిలో మంచి వాటా ఆ చెమ్మను పిండడానికే పోతుంది. అసలు 1902లో విల్లిస్ క్యారియర్ మొదటి యంత్రం గీసింది కూడా మనుషుల కోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో చెమ్మకు కాగితం సాగి రంగులు పక్కకు జరుగుతుంటే, ఆ గాలిని పొడిగా ఉంచడానికి గీశాడు. కాబట్టి బకెట్‌లో పడే నీళ్ళు యంత్రం రాసి పెట్టుకున్న పద్దు. చుక్క పడకపోతే కాయిల్ చల్లబడటం లేదు. నడుస్తున్నంతసేపూ చుక్క లేకుండా, ఆపేశాక గుప్పున కారితే లోపల మంచు కట్టి ఇప్పుడు కరుగుతోందన్నట్టు. "పొద్దున్నే నిండిపోతోంది, మధ్యాహ్నం ఖాళీగానే ఉంటోంది" అంది ఆవిడ. ఆయన కళ్ళల్లో కొంచెం వెలుగు కనిపించింది. గ్యాస్ కారిపోయిన యంత్రం పొద్దున మాత్రం అంత దండిగా నీళ్ళు పిండదు.

అప్పుడు మూత ఎత్తి ఫిల్టర్ తీశాడు. అది పర్వాలేదు. సన్నటి థర్మామీటర్ ఒకటి ఏసీలోకి గాలి వెళ్ళే చోట, ఇంకొకటి బయటికొచ్చే చోట పెట్టాడు. బాగా నడిచే యంత్రంలో రెంటికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. ఇక్కడ ఒక్క డిగ్రీ కూడా లేదు. "పైకి పోదాం రండి" అన్నాడు.

డాబా మీద అవుట్‌డోర్ ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. నాకైతే అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. ఆయన ఫ్యాన్ ముందు అరచెయ్యి చాపి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. గాలి ఎండలాగే ఉంది, అంతకు మించి వేడిగా లేదు. అక్కడ గాలి వేడిగా లేకపోవడమే చెడు కబురు. గదిలో తీసిన వేడి ఇక్కడ బయటపడాలి. పడటం లేదంటే లోపల ఏదీ వేడిని మొయ్యడం లేదు. ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ తిరగడం లేదు. రెండూ ఒకే డబ్బాలో ఉండేవి కావడంతో చప్పుడు విని మనం మోసపోతాం.

పక్క మూత విప్పి, కంప్రెసర్‌కు వెళ్ళే వైరు చుట్టూ క్లాంప్ మీటర్ తగిలించి కూర్చున్నాడు. రెండు మూడు నిమిషాల తర్వాత లోపల "గుంయ్" మంది. మామూలుగా ఏడెనిమిది ఆంపియర్లు లాగే యంత్రం ఒక్కసారి నలభై దాకా ఎగబాకి, టక్‌మని సున్నాకు పడింది. కంప్రెసర్ కదలలేక మూలిగితే, కాలిపోకుండా ఓవర్‌లోడ్ స్విచ్ కరెంటు కట్ చేసిందన్నమాట. అది చల్లారాక మళ్ళీ ప్రయత్నం, మళ్ళీ టక్. వోల్టేజీ చూశాడు, సరిపడానే ఉంది. ఇక మిగిలింది కెపాసిటర్.

కిందికి కేకేసి ఎంసీబీ దింపించాడు. అల్యూమినియం డబ్బా లాంటి ఆ కెపాసిటర్ కరెంటు తీశాక కూడా షాక్ కొట్టగలదు. ఒక బల్బు హోల్డర్ వైర్లు దాని కాళ్ళకు ఆనించి ఖాళీ చేశాకే వేలు పెట్టాడు. మీద ముద్ర 45 మైక్రోఫారడ్‌లు, అయిదు శాతం అటూ ఇటూ. మీటర్ 31 చూపించింది. కంప్రెసర్ మోటారును మొదట కదిలించే తోపు ఇచ్చేది ఇదే. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు 31తో కూడా ఈడ్చుకొస్తుంది. మధ్యాహ్నం ఆ తోపు చాలదు. గ్యాస్‌కు దీనితో సంబంధమే లేదు. కొత్త కెపాసిటర్‌కు అయ్యేది వందల్లో. గ్యాస్ పట్టే బిల్లు వేలల్లో. పాత కెపాసిటర్ మార్చి, దాంతోపాటు గ్యాస్ కూడా పట్టినట్టు రాసుకుపోయే బిల్లులుంటాయని విన్నాను. ఏసీ చల్లబడుతుంది కాబట్టి మనకు అనుమానం రాదు.

కొత్తది వేశాక కంప్రెసర్ ఒక్క ఉదుటున అందుకుంది. నేను లేవబోయాను. ఆయన లేవలేదు. "ఇది ఎందుకు పోయిందో చూడొద్దా మాస్టారూ?" అన్నాడు. నేను ఇంత రాయడానికి కారణం ఆ ప్రశ్నే. పాడైన వస్తువు దొరికింది, మార్చాం, పనిచేస్తోంది. చాలామందికి పని అక్కడితో అయిపోయింది. ఆయనకు అది సగం. కెపాసిటర్‌ను తినేసేది వేడి. అంత వేడి ఇక్కడ ఎందుకుంది?

వెనక్కి వెళ్ళి చూస్తే కండెన్సర్, అంటే బయటి కాయిల్, రేకుల మీద బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. మామూలు దుమ్ము కాదు, నూలు పీచు. కింది అంతస్తులో గుడ్డల గోదాము. వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం ఉన్న వీధులన్నిట్లో ఈ పీచు గాలిలో తేలుతూనే ఉంటుంది. వెనకనుంచి గాలి పీల్చే యూనిట్ కాబట్టి పీచంతా వెనకే అతుక్కుంది. పైగా వాననీళ్ళు పడకుండా ఎవరో ఒక రేకు వాల్చి పెట్టారు, అది వేడిగాలిని మళ్ళీ వెనక్కే తిప్పుతోంది.

ఆయన కడిగిన పద్ధతి దగ్గరగా చూడాలి. ముందు పొడి కుంచెతో పీచును నిలువుగా మాత్రమే దువ్వాడు. రేకులు కాగితమంత పలచన, అడ్డంగా రుద్దితే మడతపడి గాలికి దారి మూసేస్తాయి. తర్వాత గొట్టంతో నీళ్ళు కొట్టింది బయటినుంచి కాదు, ఫ్యాన్ జాలీ విప్పి లోపలివైపు నుంచి బయటికి. గాలి దుమ్మును ఏ దారిన తెచ్చిందో ఆ దారినే వెళ్ళగొట్టాలని. బయటినుంచి ప్రెషర్ పంపుతో కొడితే ముందువరస మెరుస్తుంది, మురికి మాత్రం లోపలి వరసలో ఇరుక్కుంటుంది. కడిగిన తృప్తి ఇంటివాళ్ళకు, అవస్థ యంత్రానికి. ముడుచుకున్న రేకులను సన్నటి దువ్వెనలాంటి పరికరంతో ఓపిగ్గా విడదీశాడు. వాల్చిన రేకును తీయించి, ఎండ మాత్రమే ఆగేలా ఎత్తుగా కట్టించాడు.

అప్పుడు మళ్ళీ ఆన్ చేసి రెండు పైపుల మీద చెరో చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఈ రకం ఏసీలో సన్నపైపు, లావుపైపు రెండూ చల్లగా ఉండి చెమట పట్టాలి. సన్నపైపు మొదట్లో మంచు కట్టి, లావుది పొడిగా ఉంటే గ్యాస్ తక్కువ. మంచు లావుపైపు దాకా పాకితే గ్యాస్‌ది తప్పు కాదు, లోపల గాలి ఆడటం లేదు. ఫిల్టరో, బ్లోయరో చూసుకోవాలి. ఒత్తిడి కొలిచే గేజ్ తగిలించకుండానే ఇంత తెలుస్తుంది. గేజ్ తగిలించి తీసిన ప్రతిసారీ కాస్త గ్యాస్ పోతుంది కాబట్టి ఆయన దాన్ని చివరికి ఉంచుతాడు. పాత ఆర్22 గ్యాస్ యంత్రంలో నడుస్తుండగా 60 నుంచి 75 పీఎస్‌ఐ మధ్య ఉంటే ఆయనకు చాలు. కొత్త ఆర్32లో అదే సూది 120 దాటాలి. ఆర్22 అంకెలు కంఠతా పట్టి ఆర్32 ఏసీకి గ్యాస్ నింపేవాళ్ళ చేతిలో యంత్రం పడితే దాని ఖర్మ.

గ్యాస్ నిజంగా కారిన ఇంట్లో ఆయన చేతులు ఎలా ఉంటాయో చిట్టినగర్ వైపు, కొండమెట్లు ఎక్కి వెళ్ళే ఒక ఇంట్లో చూశాను. గ్యాస్ కంటికి కనపడదు, ఆర్32కు వాసన కూడా లేదు. కానీ దాంతోపాటు తిరిగే నూనె జిడ్డు దాగదు. ఒక నట్టు చుట్టూ దుమ్ము నల్లగా, జిడ్డుగా పట్టి ఉంది. సబ్బునురగ రాశాడు, చాలాసేపటికి ఒక బుడగ, ఇంకాసేపటికి ఇంకొకటి. నట్టు బిగించేసి ఊరుకోలేదు. విప్పి, రాగిపైపు చివర కోసేసి, కొత్తగా ఫ్లేర్ తీశాడు. కోసిన అంచున లోపల మిగిలే రాగిపొట్టును గీకేటప్పుడు పైపు నోరు నేలవైపు వంచి పట్టాడు, పొడి లోపల పడకుండా. నోరు విప్పారాక దాని వెనక ఒక్క చుక్క నూనె. రెండు స్పానర్లతో, ఒకటి పట్టి ఒకటి తిప్పుతూ బిగించాడు. ఒకే స్పానర్‌తో లాగితే పైపు మెలిపడుతుంది. తర్వాత నైట్రోజన్ ఎక్కించి ముల్లు కదలకుండా నిలబడిందో లేదో చూశాడు. (దానికి బదులు ఆక్సిజన్ వాడేవాళ్ళు చేసేది ప్రాణాలతో చెలగాటం; నూనె తగిలితే పేలిపోతుంది.) ఆ తర్వాత వాక్యూమ్ పంపు. లోపల గాలి, చెమ్మ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను నమిలేస్తాయి. చివరికి గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాడు. యంత్రం మీద రాసి ఉన్న బరువు కిలోకు లోపే, ఆ గ్రాముల దాకా. ఆర్32 కొద్దిగా మండే రకం కాబట్టి అంతసేపూ కిటికీలు బార్లా తెరిపించాడు.

చలిదేశాల్లో కథ తిరగబడుతుంది, ఆలోచన మాత్రం ఇదే. అమెరికాలో ఎడిసన్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మన పిల్లలు జనవరిలో ఫోన్ చేసి, ఫర్నేస్ గాలి కొడుతోంది కానీ వెచ్చగా లేదంటారు. అక్కడా ముందు చూడాల్సింది థర్మోస్టాట్. ఫ్యాన్ ఆటోలో కాక ఆన్‌లో పెట్టి ఉంటే మంట లేనప్పుడూ చన్నీళ్ళలాంటి గాలి వస్తూనే ఉంటుంది. తర్వాత ఫిల్టర్: అది మూసుకుపోతే లోపల వేడి మితిమీరి లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, బ్లోయర్ మాత్రం తిరుగుతుంది. ఆ తర్వాత వరస: పొగ లాగే చిన్న ఫ్యాన్, అది తిరిగిందని సాక్ష్యమిచ్చే ప్రెషర్ స్విచ్, ఎర్రగా కాలే ఇగ్నైటర్, గ్యాస్ వాల్వ్, చివరికి మంట నిజంగా అంటుకుందని మైక్రోఆంపియర్లలో కబురు చెప్పే ఫ్లేమ్ సెన్సర్. ఆ సెన్సర్ కడ్డీకి సన్నటి పొర పడితే మంట వెలుగుతుంది, కొన్ని సెకన్లలో ఆరిపోతుంది. కడ్డీని మెత్తగా తుడిస్తే చాలు. వరసలో ఎక్కడ ఆగిందో చూడకుండా బోర్డు మార్చెయ్యమనే మనుషులు అక్కడా ఉంటారు. గ్యాస్‌తో, కార్బన్ మోనాక్సైడ్‌తో వ్యవహారం కాబట్టి అక్కడ ఫిల్టరూ థర్మోస్టాటూ దాటితే మన చెయ్యి మనం జేబులో పెట్టుకోవడం మేలు.

మళ్ళీ బెజవాడకు వస్తే, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట మునిగినప్పుడు భాయ్ చేసిన పని ఆన్ చెయ్యనివ్వకపోవడం. నీళ్ళు తియ్యగానే ఆత్రంగా స్విచ్ వేసిన ఇళ్ళలో బోర్డులు మాడాయి. ఆయన బురద కడిగించి, బోర్డులు ఆరబెట్టించి, మోటారు వైండింగ్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ మెగ్గర్‌తో కొలిచాకే కరెంటు ఇచ్చాడు.

ఆయనతో నాకు ఒక పేచీ ఉంది. రెండో అంతస్తు పిట్టగోడ అవతల, ఇనప బ్రాకెట్ మీద ఉన్న యూనిట్ విప్పడానికి బెల్టు లేకుండా వంగుతాడు. యంత్రం విషయంలో అంత జాగ్రత్త, ఒంటి విషయంలో ఇంత నిర్లక్ష్యం. అడిగితే, బెల్టు తగిలించడానికి ఈ గోడల్లో గట్టి కొక్కెం ఎక్కడుందంటాడు. జవాబు నిజమే. అయినా నేను ఒప్పుకోను; కొక్కెం వెయ్యాల్సింది మనమే, ఇల్లు కట్టినప్పుడే.

రెండో పేచీ మనతోనే. బ్రాహ్మణ వీధి ఇంట్లో కెపాసిటర్ ధర, పైన కొంత విజిటింగ్ చార్జీ. అంతే తీసుకుని వెళ్ళాడు. ఎండలో రెండు గంటలు కూర్చుని కారణం వెతికినందుకు బిల్లులో గీత కూడా లేదు. గ్యాస్ పట్టి వేలు తీసుకుంటే నోరెత్తని మనం, "చిన్న డబ్బా మార్చినందుకు ఇంతా?" అని ఆయన దగ్గర బేరమాడతాం. తప్పు మందు వేసేవాడికి నాలుగు రెట్లు గిడుతుంటే సరైన మందు వేసేవాళ్ళు ఎన్నాళ్ళు మిగులుతారు?

మూత బిగించే ముందు ఆయన మార్కర్‌తో దాని లోపలివైపు తేదీ, కెపాసిటర్ విలువ, నడుస్తున్నప్పటి ఆంపియర్లు రాస్తాడు. వచ్చే ఏడాది ఎవరు మూత తీసినా కంప్రెసర్ నిరుడు ఎంత లాగిందో తెలియాలి, ఒక్కసారి చూసే అంకె కంటే పెరుగుతూ వచ్చే అంకె ఎక్కువ చెబుతుందని. శివాలయం వీధిలో ఒక యూనిట్ మూత లోపల ఆయన రాసిన అంకెల కింద వేరే చేతిరాత కనిపించింది. ఇంకో మెకానిక్ ఎవరో వచ్చి, తన తేదీ వేసి, 7.4 ఆంపియర్లు అని రాసి, పక్కనే "కాయిల్ కడిగాను, గ్యాస్ ముట్టలేదు" అని పెట్టి వెళ్ళాడు.